పని అంటే ఏమిటి? – ఫిలిప్ లెవీన్ కవిత్వం

కవిత్వంలోకి కార్మికుడు సాధారణంగా రెండు విధాలుగా ప్రవేశిస్తాడు. ఒకటి, చారిత్రక శక్తిగా. అప్పుడతను పిడికిలి అవుతాడు, సుత్తి అవుతాడు, పోటెత్తే జనసముద్రం అవుతాడు. రెండోది, ఒకానొక మనిషిగా. అప్పుడతనికి ఒక పేరుంటుంది, నడుము నొప్పి ఉంటుంది, షిఫ్టు దిగాక అందుకోవలసిన బస్సు ఉంటుంది. మొదటి కార్మికుడు మనకు బాగా తెలుసు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ 1950లో పుస్తకరూపంలో వెలువడేనాటికే శ్రమ తెలుగు కవిత్వంలో గౌరవనీయమైన వస్తువుగా స్థిరపడింది. రెండో కార్మికుణ్ణి కవిత్వంలోకి తేవడం మరింత కష్టమైన పని. ఆ పని మీదనే జీవితకాలం వెచ్చించిన అమెరికన్ కవి ఫిలిప్ లెవీన్. అమెరికన్ కవిత్వం అనగానే మనం విట్మన్ దగ్గర మొదలుపెట్టి ఎలియట్ దగ్గర ఆగిపోతాం. మరికాస్త ముందుకు వెళితే గిన్స్‌బర్గ్ పేరు చెబుతాం. 2015లో మరణించిన లెవీన్ ఈ వరసలో మనకు తగలడు.

అతన్ని ఇక్కడ పరిచయం చేయడానికి కారణం అతను కార్మికుల గురించి రాశాడన్నది మాత్రమే కాదు. కార్మికుల గురించి రాసేవాడు వారికి ఎంత దూరంలో నిలబడి రాస్తున్నాడన్న ప్రశ్నను అతని కవిత్వం సూటిగా వేస్తుంది. ఆ ప్రశ్న మనకూ తగులుతుంది. చేతికి సుద్దముక్క పొడి తప్ప మరేమీ అంటని నాబోటి వాడికి మరీ తగులుతుంది.

లెవీన్ 1928 జనవరి 10న మిషిగన్ రాష్ట్రంలోని డెట్రాయిట్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు రష్యా నుంచి వలస వచ్చిన యూదులు. తండ్రి పాత మోటారు విడిభాగాల వ్యాపారం చేసేవాడు. ఆర్థిక మాంద్యం అమెరికాను కుదిపేస్తున్న 1933లో, లెవీన్‌కు ఐదేళ్ల వయసులో, ఆయన మరణించాడు. ముగ్గురు కొడుకుల్నీ తల్లి ఉద్యోగం చేసి పెంచింది. వారిలో ఒకడు ఫిలిప్‌కు కవల సోదరుడు. ఈ సోదరుడు తరువాత అతని కవితల్లో పదేపదే కనిపిస్తాడు.

డెట్రాయిట్ సామాన్యమైన ఊరు కాదు. ఆ నగరం నడుమనే ఉన్న హైలాండ్ పార్క్‌లో హెన్రీ ఫోర్డ్ 1913లో కదిలే అసెంబ్లీ లైనును నెలకొల్పాడు. అంతవరకు మనిషి వస్తువు దగ్గరికి వెళ్లి పనిచేసేవాడు. ఇక మీదట వస్తువే మనిషి ముందుకు వచ్చి అతని చేతుల వేగాన్ని నిర్ణయించడం మొదలుపెట్టింది. ఆ పనిలో మనుషులు నిలవక వెళ్లిపోతుంటే 1914లో రోజుకు ఐదు డాలర్ల వేతనం ప్రకటించవలసి వచ్చింది. అదే ఫోర్డ్ 1920లలో తన పత్రిక ద్వారా యూదుల మీద విషం చిమ్మాడు. 1930లలో డెట్రాయిట్ పక్కనున్న రాయల్ ఓక్ నుంచి కాఫ్లిన్ అనే మతాచార్యుడు రేడియోలో యూదు ద్వేషాన్ని దేశమంతటికీ వినిపించాడు. ఒకవైపు యంత్రం, మరొకవైపు జాతిద్వేషం. ఈ రెంటి మధ్య లెవీన్ పెరిగాడు.

పద్నాలుగో ఏటనే అతను పనికి వెళ్లడం ప్రారంభించాడు. తరువాత కాడిలాక్, షెవ్రొలెట్ కంపెనీల కర్మాగారాల్లో పనిచేశాడు, వేన్ విశ్వవిద్యాలయంలో చదివి 1950లో పట్టా పుచ్చుకున్నాడు. గేర్లు, యాక్సిళ్లు తయారయ్యే చోట ఇనుము ఎంత వేడిగా ఉంటుందో, ఎంత చప్పుడు చేస్తుందో అతనికి పుస్తకాల ద్వారా తెలిసింది కాదు. తరువాత ఎం.ఏ. కోసం అతను రాసిన సిద్ధాంత వ్యాసం కీట్స్ సోమరితనాన్ని గురించి రాసిన గీతం మీద. ఎనిమిది గంటలు యంత్రం ముందు నిలబడిన కుర్రవాడు సోమరితనపు సౌందర్యాన్ని ఎంచుకోవడంలో చమత్కారం ఉంది, అంతకుమించిన న్యాయమూ ఉంది. తీరిక అందరికీ దక్కవలసిన సంపద అని శ్రమించేవాడికి తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది?

ఆ రోజుల్లోనే అతనొక ప్రతిజ్ఞ చేసుకున్నాడు. తనతోపాటు పనిచేసేవాళ్లకు అమెరికన్ సాహిత్యంలో గొంతు లేదు, వాళ్ల తరఫున తాను మాట్లాడాలి అని. పెద్దవాడయ్యాక ఆ ప్రతిజ్ఞను గుర్తు చేసుకుంటూ, అది కుర్రతనపు తెలివితక్కువ ప్రతిజ్ఞ అని తానే అన్నాడు. కాని దాన్ని వదులుకోలేదు. తెలివితక్కువది అనడమూ, వదులుకోకపోవడమూ – ఈ రెంటినీ కలిపి చదివితేనే లెవీన్ అర్థమవుతాడు. ఇతరుల తరఫున మాట్లాడటంలో ఒక అహంకారం ఉంది. మాట్లాడకపోవడంలో ఒక ద్రోహం ఉంది. ఏ నిబద్ధ రచయితా ఈ చిక్కును తప్పించుకోలేడు.

1953లో అతను అయోవా వెళ్లి, పేరు నమోదు చేసుకోకుండానే రాబర్ట్ లోవెల్, జాన్ బెరిమన్‌ల తరగతుల్లో కూర్చున్నాడు. బెరిమన్‌ను తన గురువుగా జీవితాంతం తలచుకున్నాడు. 1958లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో ప్రభుత్వ కళాశాలలో అధ్యాపకుడిగా చేరి, 1992 వరకు అక్కడే పాఠం చెప్పాడు. పొలాలూ పండ్లతోటలూ విస్తారంగా ఉన్న ప్రాంతమది. అతని శిష్యుల్లో ఒకడైన గ్యారీ సోటో మెక్సికన్ వ్యవసాయ కూలీల కుటుంబం నుంచి వచ్చినవాడు. సోటో 1977లో తన మొదటి సంపుటి ప్రచురించి, ఆ కూలీల బతుకును అమెరికన్ కవిత్వంలోకి తెచ్చాడు. గొంతు లేనివారి తరఫున మాట్లాడటం కంటె, వారి పిల్లలకు మాట్లాడే వీలు కల్పించడం గొప్ప పని అనుకుంటే, లెవీన్ ఆ పనీ చేశాడు.

అతని మొదటి సంపుటి ‘ఆన్ ది ఎడ్జ్’ 1963లో వెలువడేనాటికి అతనికి 35 ఏళ్లు. కర్మాగారం ఇంకా అతని ప్రధాన వస్తువు కాలేదు. అనుభవం ఉన్నంత మాత్రాన అభివ్యక్తి దానంతట అది రాదని చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ అక్కర్లేదు. కోపం ఉంది, దానికి రూపం దొరకాలి. స్పానిష్ కవి లోర్కా న్యూయార్క్ నగరం మీద రాసిన కవితలు కోపాన్ని కవిత్వంగా మలచుకోవడంలో తనకు దారి చూపాయని లెవీన్ ఒక వ్యాసంలో చెప్పుకున్నాడు.

1968లో వచ్చిన ‘నాట్ దిస్ పిగ్’ సంపుటిలో ఆ రూపం తొలిసారి స్పష్టపడుతుంది. అందులో ఒక కవితను ఒక పంది చెబుతుంది. దాన్ని సంతకు తోలుకుపోతున్నారు. తన మాంసం నరికే మొద్దునూ, కత్తులనూ అది ముందే ఊహించుకుంటుంది. తోలుకుపోతున్న కుర్రవాడు అది కూలబడి అరుస్తుందని ఎదురుచూస్తాడు. అది అరవదు, తలెత్తుకునే నడుస్తుంది. చావు తప్పదు, లొంగిపోవడం మాత్రం తప్పనిసరి కాదు అన్న ఈ భావం లెవీన్ కవిత్వానికంతా పునాది. అదే 1968లో, వియత్నాం యుద్ధానికి నిరసనగా పన్ను కట్టబోమని ప్రకటించిన అమెరికన్ రచయితలూ సంపాదకులతో కలిసి అతను సంతకం చేశాడు.

మధ్యలో 1967 వచ్చింది. ఆ జులైలో డెట్రాయిట్‌లో లైసెన్సు లేని ఒక మద్యశాల మీద పోలీసులు దాడి చేయడంతో మొదలైన ఘర్షణ నల్లజాతి ప్రజల తిరుగుబాటుగా మారింది. సైన్యాన్ని దింపారు. 43 మంది చనిపోయారు. ఈ నేపథ్యంలో పుట్టిన కవిత ‘దే ఫీడ్ దే లయన్’. దాని పేరుతోనే 1972లో సంపుటి వెలువడింది. కవిత పుట్టుక గురించి లెవీన్ చెప్పిన వృత్తాంతం మనవంటివారికి ముఖ్యమైనది. యవ్వనంలో ఒక నల్లజాతి కార్మికుడితో కలిసి అతను మోటారు విడిభాగాలను ఏరి వేరుచేసే పని చేశాడు. ఏరిన వాటిని వేయడానికి ఇచ్చిన గోనెసంచుల్లో ఒకదాని మీద నగర జంతుప్రదర్శనశాల ముద్ర ఉంది. సింహానికి మేత ఈ సంచుల్లోనే పెడతారు కాబోలని ఆ సహచరుడు తన యాసలో నవ్వుతూ అన్నాడు. ఆ మాటలోని వ్యాకరణం, ఆ లయ లెవీన్ చెవిలో ఏళ్ల తరబడి నిలిచిపోయాయి.

బడిలో నేర్పే ఇంగ్లీషు ప్రకారం ఆ వాక్యం తప్పు. కవితకు ప్రాణం ఆ తప్పే. ఆ వాక్యంలో ‘సింహం’ నామవాచకమో క్రియో తేల్చుకోలేం. సింహానికి మేపుతున్నారో, మేసి మేసి వాళ్లే సింహాలవుతున్నారో తేల్చుకోలేం. గోనెసంచులు, తారు, పెట్రోలు, ఇరుసులు, ఆమ్లాల వంటి ఆగ్రహం – ఇలా డెట్రాయిట్ సరంజామా అంతా ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ పోతాడు. వీటన్నిటినీ తిని సింహం పెరుగుతుంది, వస్తుంది. మాండలికాన్ని పాత్రల సంభాషణలకూ హాస్యానికీ మాత్రమే పరిమితం చేసే వాళ్లు ఈ కవితను చదవాలి. ఇక్కడ యాస అలంకారం కాదు, ఆలోచనే యాసలో జరుగుతుంది.

మరొక సంగతి. లెవీన్ తెల్లవాడు. నల్లజాతి కోపాన్ని తనదిగా చెప్పుకునే హక్కు అతనికి ఎక్కడిది? కవి ఈ ప్రశ్నను దాటవేయలేదు. చివరి చరణంలో తన చేతులనూ, తన తెల్లజాతి పాపాలనూ, రాత్రివేళ నక్షత్రాల కింద సాగిపోయే తన కారునూ, తన పిల్లలనూ ఆ సింహం తినే మేతలో కలిపేశాడు. అంటే ఆ తిరుగుబాటును గట్టు మీద నిలబడి కీర్తించలేదు. దానికి ఆహారమైన అన్యాయంలో తన వాటా ఎంతో లెక్క చెప్పాడు.

లెవీన్ రాజకీయ దృక్పథాన్ని ఏ పార్టీ చట్రంలోనూ ఇమడ్చలేం. 1936లో స్పెయిన్‌లో ఫాసిస్టులతో పోరాడిన అరాజకవాద కార్మికులు అతని ఆరాధ్యులు. కుటుంబంతో కొంతకాలం బార్సిలోనాలో నివసించాడు. ఆ పోరాటంలో మరణించిన ఫ్రాన్సిస్కో అస్కాసో సమాధిని గురించి కవిత రాశాడు. 1976 నాటి సంపుటికి ‘ది నేమ్స్ ఆఫ్ ది లాస్ట్’ అని పేరు పెట్టాడు. పోయినవారి పేర్లు అని అర్థం. పేర్లు నమోదు చేయడం అతనికి ఒక రాజకీయ చర్య. కర్మాగారం మనిషికి నంబరు ఇస్తుంది, కవి పేరు తిరిగి ఇస్తాడు.

1991లో, 63 ఏళ్ల వయసులో, అతని ప్రసిద్ధ సంపుటి ‘వాట్ వర్క్ ఈజ్’ వెలువడింది. ఆ ఏడాది జాతీయ పుస్తక పురస్కారం దానికే లభించింది. 1979 నాటి ‘యాషెస్’కు అదే పురస్కారం 1980లో వచ్చి ఉంది. ‘ది సింపుల్ ట్రూత్’కు 1995లో పులిట్జర్ లభించింది. 2011లో అమెరికా ఆస్థానకవిగా నియమితుడయ్యాడు. పురస్కారాల ప్రసక్తి ఇంతటితో చాలు. సంపుటికి పేరిచ్చిన కవితను చూద్దాం.

హైలాండ్ పార్క్‌లో ఫోర్డ్ కర్మాగారం ముందు పని కోసం మనుషులు వరసలో నిలబడి ఉన్నారు. తుంపర పడుతోంది. కవి ‘నువ్వు’ అని సంబోధిస్తూ పాఠకుణ్ణే ఆ వరసలో నిలబెడతాడు. తడిసిన కళ్లద్దాల్లోంచి చూస్తే ముందున్నవాడు నీ సోదరుడిలా కనిపిస్తాడు. కళ్లద్దాలు తుడుచుకుని చూస్తే ఎవరో పరాయివాడు. ఈ వరస చివర ఒకడు కూర్చుని ఉంటాడు. అతను తన ఇష్టం వచ్చిన కారణానికి ఇవాళ పని లేదు పొమ్మంటాడు. ఆ సంగతి వరసలో అందరికీ తెలుసు, అయినా ఎవరూ కదలరు. అప్పుడు నీకు సోదరుడి మీద ప్రేమ పొంగుకొస్తుంది. అతను రాత్రి షిఫ్టు చేసి వచ్చి ఇంట్లో నిద్రపోతున్నాడు. మధ్యాహ్నానికి ముందే లేచి జర్మన్ నేర్చుకోవాలి. వాగ్నర్ సంగీత నాటకాలు పాడాలని అతని కోరిక. అతన్ని ప్రేమిస్తున్నానని నువ్వు ఏనాడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? చిన్నతనం వల్ల కాదు, అసూయ వల్ల కాదు. పని అంటే ఏమిటో నీకు తెలియకపోవడం వల్ల.

ఈ ముగింపు మొదటిసారి చదివినప్పుడు తర్కానికి అందదు. పనికీ ప్రేమ చెప్పకపోవడానికీ సంబంధమేమిటి? సంబంధం ఉంది. పని మనిషి కండలను మాత్రమే కొనుక్కోదు. అన్నదమ్ములు ఒకే ఇంట్లో ఉంటూ ఒకరు మేలుకున్నప్పుడు మరొకరు నిద్రపోయేలా చేస్తుంది. మనసులో మాట చెప్పుకునే గంటను కూడా కొనేస్తుంది. ఆర్థికశాస్త్రం అదనపు విలువను లెక్క కట్టగలదు. ఈ పోయిన గంటను లెక్క కట్టవలసింది కవే. ఇంకొకటి: యూదుల్ని ద్వేషించిన వాగ్నర్ సంగీతాన్ని పాడాలని యూదు ఇంటి కార్మికుడు కలగనడం. కార్మికుడికి ఇలాంటి కోరికలే ఉండాలని మనం గిరి గీయలేం. ఆ కోరిక ‘నీ’కు నచ్చదు. అయినా ప్రేమ తగ్గదు.

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. శ్రమ గౌరవం మీద వ్యాసం రాయమంటే పిల్లలు రైతు దేశానికి వెన్నెముక అని మొదలుపెడతారు. కూలికి వెళ్లే ఇళ్ల పిల్లలు కూడా గైడులో ఉన్న వాక్యమే రాస్తారు. ఒకసారి తొమ్మిదో తరగతి అమ్మాయి మాత్రం వేరుగా రాసింది: నాట్ల రోజుల్లో బురదనీళ్లలో నాని వాళ్లమ్మ వేళ్ల సందులు పుండ్లు పడతాయని, కూర కారం తగిలితే మంట కనుక ఆ పది రోజులూ మజ్జిగన్నమే తింటుందని. వెన్నెముక గురించిన వాక్యం అబద్ధం కాదు. కాని ఆ వాక్యం రాయడానికి ఎవరి చేతినీ చూడనక్కరలేదు. అమ్మాయి రాసిన వాక్యం రాయాలంటే కంచం పక్కన కూర్చోవాలి. లెవీన్ కవిత్వం ఈ రెండో వాక్యం జాతికి చెందినది.

అదే సంపుటిలోని ‘ఫియర్ అండ్ ఫేమ్’ అనే కవితలో లోహపు సామానును శుభ్రం చేసే ఆమ్లపు తొట్టిలోకి దిగే కార్మికుడు ఉంటాడు. మోచేతుల దాకా తొడుగులు, తొడల దాకా రబ్బరు బూట్లు, తలకు శిరస్త్రాణం తొడుక్కోవడానికే అరగంట. యుద్ధానికి వెళ్లే పాతకాలపు వీరుడిలా ముస్తాబై, తాళ్లతో దించిన ఆమ్లపు జాడీలను కలిపి, మళ్లీ బతికున్నవాళ్ల మధ్యకు ఎక్కి వస్తాడు. వీరగాథలోని వీరుడు ఒక్కసారి పాతాళానికి దిగివస్తే కావ్యమవుతుంది. ఇతను ఒక్క షిఫ్టులోనే రెండుసార్లు దిగాలి.

‘కమింగ్ క్లోజ్’ అనే కవితను నేను లెవీన్ కవిత్వానికి తాళంచెవిగా భావిస్తాను. ఒక స్త్రీ మూడు గంటలుగా పాలిషింగ్ చక్రం ముందు నిలబడి ఉంది. భోజన విరామానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఆమె నిజంగా స్త్రీయేనా అని కవి అడుగుతాడు. తెలుసుకోవాలంటే దగ్గరికి రావాలి. రావాలంటే కోటూ టై విప్పి లాకరులో పెట్టాలి, నల్ల అంగీ తొడుక్కోవాలి, షిఫ్టు తరువాత షిఫ్టు ఆమెకు పళ్లేలు మోసి అందించాలి. అప్పుడైనా ఆమె నిన్ను ఒకే ఒక్క ప్రశ్న అడగవచ్చు: ఎందుకు? దానికి నీ దగ్గర జవాబు ఉండదు. ఆమె మురికి పట్టిన తన ఐదు వేళ్లనూ నీ తెల్లచొక్కా చేతి మీద ఆనించి శాశ్వతంగా ఒక గుర్తు వేస్తుంది.

శ్రామిక కవిత్వం రాసే మధ్యతరగతి రచయితకు ఇంతకంటె నిజాయితీ గల చిత్రం నాకు కనపడలేదు. దగ్గరికి వెళ్లినంత మాత్రాన నువ్వు ఆమెవి కావు. నీ చొక్కా తెల్లగానే ఉంది, అందుకే మరక కనిపిస్తుంది. కాని ఆ మరక పడని చొక్కాతో ఆమె గురించి రాసే అర్హతా లేదు.

లెవీన్ మీద ఆక్షేపణలు లేకపోలేదు. అతనిది ముక్కలుగా విరిచిన వచనమని కొందరన్నారు. చెవిపెట్టి వినేవారికి ఈ మాట నిలవదు. తొలినాళ్లలో అతను అక్షరాలు లెక్కపెట్టి పాదాలు కట్టినవాడు. ఆ క్రమశిక్షణే తరువాతి కవితల్లో కంటికి కనపడకుండా పనిచేస్తుంది. రెండో ఆక్షేపణ బలమైనది. డెట్రాయిట్ ఆటో కార్మికుల సంఘాలు, సమ్మెలు అమెరికా చరిత్రలో ఎంతో ప్రసిద్ధమైనవి. కాని లెవీన్ కార్మికుడు ఎక్కువగా ఒంటరివాడు. సంఘటిత పోరాటం ఇవ్వగల ఆశ కంటె లొంగని ఒక్క మనిషి మొండితనమే ఈ కవిత్వంలో ప్రధానం. ఇది అతని పరిమితి. ఈ పరిమితిని గుర్తించినప్పుడే అతని నుంచి మనం ఏమి తీసుకోవాలో తేలుతుంది. సంఘం గురించి రాసే కవికి కూడా ఆ సంఘంలోని ఒక్కొక్క మనిషి ముఖం తెలిసి ఉండాలి.

1950లో డెట్రాయిట్ జనాభా పద్దెనిమిదిన్నర లక్షలు. 2010 నాటికి ఏడు లక్షల చిల్లర. 2013లో నగరపాలక సంస్థ దివాలా ప్రకటించింది. 2015 ఫిబ్రవరి 14న లెవీన్ ఫ్రెస్నోలో క్యాన్సర్‌తో మరణించాడు. అతను దాదాపు నలభై ఏళ్ల దూరం నుంచి రాసిన వరస, ఆ తుంపర, ఆ ‘పని లేదు పో’ అన్న మాట మాత్రం డెట్రాయిట్‌తో పోలేదు.

మన యువకవులు లెవీన్‌ను చదివేటప్పుడు అతని సర్వనామాలను గమనించాలని నా సూచన. ‘దే ఫీడ్ దే లయన్’లో ‘వాళ్లు’ అంటూ మొదలైనవాడు చివరికి ‘నా’ దగ్గరికి వచ్చాడు. ‘వాట్ వర్క్ ఈజ్’లో ‘నువ్వు’ అంటూ పాఠకుణ్ణి వానలో నిలబెట్టాడు. ‘మేము’ అనే మాటను మాత్రం చౌకగా వాడలేదు. మనకు ఆ మాట చాలా తేలికగా వస్తుంది. శ్రామికుల గురించి ‘మేము’ అని రాసే ముందు, మన చొక్కా మీద ఎవరి చేతి గుర్తు ఉందో ఒకసారి చూసుకుందాం.